కుర్చీ వెనక నుంచి చూసిన చేతులు

మధ్యాహ్నం అన్నాలయ్యాక మా క్రోయిడన్ ఫ్లాట్‌లో టీవీ పెట్టి, పార్లమెంటు చూపించే చానెల్‌కి వెళ్ళి, సౌండు పూర్తిగా తీసేస్తాను. మా ఆయన సుధాకర్‌కి ఇది పెద్ద వింత.

"మాటలే ఇననప్పుడు గా పార్లమెంటు ఏం చూస్తవే వసూ? గోడలు చూస్తున్నవా?" అంటాడు.

"చేతులు చూస్తున్నా" అంటాను.

"గీమెకు ముదిరింది" అని, చాయ్ పెట్టుకోవడానికి వంటింట్లోకి పోతాడు. ఆయనది కరీంనగర్. క్రోయిడన్‌లో ఇన్సూరెన్సు ఆఫీసులో ఇన్నేళ్ళు పనిచేసినా ఆ మాట తీరు ఇసుమంత మారలేదు. నాది మాత్రం ఇటు గుంటూరు, అటు కరీంనగర్, మధ్యలో లండన్ కలిసి కిచిడీ అయిపోయింది.

నేను నిజంగానే చేతులు చూస్తాను. స్పీకర్ కుర్చీలో కూర్చున్నవాళ్ళ చేతులు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేను నిలబడింది ఆ కుర్చీ పక్కన, కాస్త వెనగ్గా. అక్కడి నుంచి మొహం కనపడదు. కుర్చీ చేతుల మీద ఆనించిన వాళ్ళ చేతులు మాత్రం బాగా కనపడతాయి. రిటైరయ్యాక నాకు దేనికీ లోటు లేదు. ఇల్లుంది, ఆయనున్నాడు, ఆదివారం ఆదివారం పిల్లలొస్తారు. అయినా మధ్యాహ్నం అయ్యేసరికి మనసు అక్కడికే పోతుంది. సిగ్గెందుకు, చెప్పేస్తున్నాను.

మన తెలుగు సంఘంలో నా ఉద్యోగం పేరు చెబితే పిల్లలు వెంటనే "ఆంటీ, అయితే మీకు ఎంపీలు తెలుసా? వీసా పని ఏమన్నా అవుతుందా?" అని అడిగేవారు. అవదురా నాయనా. నేను స్పీకర్ ఆఫీసులో మనిషిని. ఎవరెవరు మాట్లాడాలనుకుంటున్నారో వాళ్ళ పేర్లు సరిచూడటం, కుర్చీలో ఉన్నవాళ్ళ చెవిలో అవసరమైన ముక్క వేయడం, మంచినీళ్ళు అందించడం, గడియారం చూడటం, ఇదీ నా పని. ఈమధ్య మాస్టర్స్ చదవడానికి వచ్చిన మన పిల్లల్లో కొందరు అలాంటి చోట చేరాలని చూస్తున్నారు. సంతోషం. జీతం, ప్రమోషన్ల సంగతి వెబ్‌సైట్‌లో ఉంటుంది. అందులో ఉండనిది ఇక్కడ రాస్తున్నాను. అక్కడ ఇంగ్లీషులో జరిగిన మాటలన్నీ నాకు గుర్తున్నట్టు తెలుగులోనే రాస్తాను.

మెట్ల మీది పటాలు

నేను చేరినప్పుడు మా ఆఫీసు పెద్ద డెరిక్ అని ఒకాయన. పొడుగు మనిషి, చొక్కా కాలరు ఎప్పుడూ బిగుతుగా ఉండేది, నవ్వు అప్పు అడిగినా పుట్టేది కాదు. మొదటి రోజు నాకు కంప్యూటరూ చూపించలేదు, కాగితాలూ చూపించలేదు. స్పీకర్ నివాసంలో మెట్ల వెంట పాత స్పీకర్ల పటాలు ఉంటాయి. అక్కడికి తీసుకెళ్ళి, ఒక్కొక్క పటం ముందు నిలబెట్టి, ఒక్కొక్కరి కథ చెప్పాడు.

ఒకప్పుడు ఈ ఉద్యోగం అంటే హడలే. సభ అనుకున్న మాటను రాజుకి వెళ్ళి చెప్పాల్సింది స్పీకరే. రాజుకి కోపం వస్తే ఆ కోపం ఎవరి మెడ మీద పడుతుంది? కొందరి తలలు నిజంగానే తెగాయి. ఒకాయన సభను ముగించేద్దామని కుర్చీలోంచి లేవబోతే, సభ్యులే రెండు భుజాలు పట్టుకుని కూలేశారట. ఆయన ఏడుస్తూ కూర్చున్నాడట. మరొకాయన ముందుకి రాజుగారే స్వయంగా సైనికులతో వచ్చి ఫలానా సభ్యులు ఎక్కడని అడిగితే, మోకాళ్ళ మీద కూర్చుని, ఈ సభ చూడమన్నది తప్ప నా కళ్ళు ఇంకేమీ చూడవన్న అర్థం వచ్చేలా వినయంగా చెప్పాడట. ఇంకొకాయనకి మెల్లకన్ను. మాట్లాడే వంతు స్పీకర్ చూపు పడినవాళ్ళకే కాబట్టి, ఆయన ఒకరిని చూస్తే ఇద్దరు లేచేవారట. ఆయన తర్వాత లంచం తీసుకున్నాడని పదవి పోగొట్టుకున్నాడు, అది వేరే కథ.

కొత్త స్పీకర్ ఎన్నికైనప్పుడు ఇప్పటికీ ఒక ఆచారం ఉంది. తోటి సభ్యులు ఇద్దరు ముగ్గురు ఆ మనిషిని రెక్కలు పట్టుకుని కుర్చీ దాకా లాక్కెళతారు. ఆ మనిషేమో నాకొద్దు నాకొద్దన్నట్టు వెనక్కి లాగుతాడు. తలలు తెగిన రోజుల జ్ఞాపకం అది. నేను మొదటిసారి చూసినప్పుడు పక్కున నవ్వాను. డెరిక్ ఎందుకు నవ్వావని అడిగాడు. మా పెళ్ళిళ్ళలో కాశీయాత్ర అని ఉంటుంది, పెళ్ళికొడుకు గొడుగు పట్టుకుని నేను సన్యాసం పుచ్చుకుంటానని బయల్దేరతాడు, బావమరిది గడ్డం పట్టుకుని బతిమాలి వెనక్కి తెస్తాడు, అందరికీ తెలుసు వాడు ఎక్కడికీ పోడని, అని చెప్పాను. డెరిక్ "మీ పెళ్ళికొడుకు ఆ తర్వాత ఏం వదులుకుంటాడు?" అన్నాడు.

ఆయనే చెప్పాడు. స్పీకర్ అయిన మనిషి పార్టీ వదులుకుంటాడు. పాత స్నేహితులతో కలిసి భోంచేయడం వదులుకుంటాడు. సభలో తన అభిప్రాయం అనేది వదులుకుంటాడు. "అందుకే లాగాలి. ఆ లాగడం మొత్తం నాటకం కాదు" అన్నాడు.

మోకాళ్ళ నొప్పి

కొత్తలో నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. మాట్లాడదలచినవాళ్ళు, ముందు మాట్లాడేవారు కూర్చున్న ప్రతిసారీ లేచి నిలబడాలి. వంతు రాకపోతే మళ్ళీ కూర్చోవాలి. గంటల తరబడి ఇదే వ్యాయామం. ఒక రోజు వెనక బెంచీలో ఒక ముసలాయన, పాపం, బెంచీ పట్టుకుని లేస్తున్నాడు, మూలుగుతూ కూలబడుతున్నాడు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళకి ముందు వడ్డిస్తాం కదా. నేను కుర్చీ దగ్గరికి వంగి, "ఆయన్ని ముందు పిలిస్తే బావుంటుంది, మోకాళ్ళ నొప్పి" అన్నాను. ఆయన్ని పిలిచారు. నాకు పుణ్యం చేసినట్టు అనిపించింది.

డెరిక్ నన్ను గదిలోకి పిలిచాడు. "రేపటి నుంచి అందరికీ మోకాళ్ళ నొప్పులు వస్తాయి, చూస్తూ ఉండు" అన్నాడు.

నాకు ఉక్రోషం వచ్చింది. "జాలి పడటం కూడా తప్పేనా?"

"కుర్చీ పక్కన నిలబడినంతసేపు జాలి కూడా ఒక పార్టీయే."

ఆ రోజు ఇంటికొచ్చి సుధాకర్ దగ్గర ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను. కర్కోటకుడన్నాను. సుధాకర్ నిదానంగా విని, "గాయన మాట కరెక్టే గదనే. మా అమ్మ గూడ చిన్నోడని మా తమ్మునికే ఎక్కువ పెడుతుండె. నాకిప్పటికీ మంటనే" అన్నాడు. ఇద్దరూ కూడబలుక్కున్నట్టే మాట్లాడారు.

ఇప్పుడు చెప్తున్నాను, డెరిక్ కరెక్టు. కానీ మనిషిగా ఆయన అంత బిగుసుకుపోవాల్సిన పనిలేదు. న్యాయంగా ఉండటానికీ మొహం గంటు పెట్టుకోవడానికీ సంబంధం లేదని నాకు హెలెన్‌ని చూశాకే తెలిసింది.

హెలెన్

అది ఆమె అసలు పేరు కాదు. స్పీకర్‌కి సాయంగా కుర్చీలో వంతులవారీగా కూర్చునే డిప్యూటీ స్పీకర్లలో ఒకామె. ఉత్తరాన సముద్రపు ఒడ్డున ఒక చిన్న ఊరు ఆమె నియోజకవర్గం. పుట్టిందీ పెరిగిందీ అక్కడే. డిప్యూటీలు పార్టీ వదలక్కర్లేదు, కానీ ఆ పదవిలో ఉన్నంతకాలం సభలో చర్చల్లో మాట్లాడరు, ఓటు వేయరు. మంత్రులని గదుల్లో కలవచ్చు, ఉత్తరాలు రాయచ్చు. సభలో మాత్రం తన ఊరి గురించి ఒక్క ముక్క అనకూడదు.

ఈ నియమం తెలిసే ఒప్పుకుంది. కానీ తెలియడం వేరు, ప్రతి రోజూ భరించడం వేరు. హెలెన్ మాటకారి. కారిడార్‌లో ఎవరు కనపడినా ఆపి మాట్లాడేది. "వాసూ, మీ అబ్బాయి పరీక్షలు ఏమయ్యాయి? మీ ఆయన ఆ బూడిదరంగు కోటు పారేశాడా?" నా పేరుకి ఒక దీర్ఘం ఎక్కువే పెట్టేది, నేనెప్పుడూ దిద్దలేదు. కుర్చీలో కూర్చోగానే ఆ మనిషే వేరు. అయితే చేతులు మాత్రం దాచలేకపోయేది. ఎవరైనా తప్పు లెక్క చెబితే చిటికెన వేలు ఆడేది. మంచి ప్రసంగం వస్తే అరచెయ్యి కుర్చీ చేతి మీద మెల్లగా తట్టేది. నేను ఆ చేతులని బట్టే ఆమెకి ఎప్పుడు నీళ్ళివ్వాలో తెలుసుకునేదాన్ని.

ఆమె ఊళ్ళో ఆసుపత్రిలో ప్రసూతి వార్డు మూసేస్తారని కబురొచ్చింది. మూస్తే కాన్పుకి పక్క ఊరికి, కొండదారిలో వెళ్ళాలి. హెలెన్ మంత్రి చుట్టూ తిరిగింది. ఉత్తరాలు రాసింది. సభలో మాట్లాడాల్సింది మాత్రం పక్క నియోజకవర్గం సభ్యుడు. ఆయనే పట్టుబట్టి చర్చ సంపాదించాడు.

గాజు వెనక ఆడవాళ్ళు

ఆ చర్చ సమయానికి హెలెన్ కుర్చీలో ఉండకూడదు. వంతుల పట్టిక అలాగే వేశాం. కానీ ముందు పని సాగి సాగి ఆలస్యమైంది, సరిగ్గా హెలెన్ వంతుకి ఆ చర్చ వచ్చిపడింది. నేను వంగి, "ఇంకొక డిప్యూటీని పిలవనా? రెండు నిమిషాల్లో వస్తారు" అన్నాను.

ఆమె చేతులు కదలలేదు. "ఇవాళ నేను లేచిపోతే, ఇన్నాళ్ళూ ఈ కుర్చీలో కూర్చున్నది డిప్యూటీ స్పీకర్ కాదు, ఆ ఊరి ఎంపీనే అని అందరూ అనుకుంటారు. వద్దు" అంది.

పైన సందర్శకుల గ్యాలరీలో, గాజు వెనక, ఆ ఊరి ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారు. తెల్లారుజామునే కోచ్ బస్సెక్కి వచ్చారు. వాళ్ళలో ముందు కూర్చున్న లావుపాటావిడ మోరీన్. ఆ వార్డులో చాలాకాలం పనిచేసిన మంత్రసాని అని నాకు తర్వాత తెలిసింది. ఒకరి ఒళ్ళో చంటిబిడ్డ. అందరూ చూస్తున్నది హెలెన్ వైపే.

సభలో ఎవరు మాట్లాడినా కుర్చీని ఉద్దేశించే మాట్లాడాలి. ఆ రోజు ఆ నియమం ఎంత క్రూరమైందో చూశాను. ఒక్కొక్కరూ లేచి, "మేడమ్ డిప్యూటీ స్పీకర్, ఆ కొండదారి చలికాలంలో మూసుకుపోతుంది" అంటున్నారు. అది హెలెన్ నడిచిన దారి. "మేడమ్ డిప్యూటీ స్పీకర్, అక్కడి తల్లులు భయపడుతున్నారు" అంటున్నారు. ఆమెతో చదువుకున్నవాళ్ళ కూతుళ్ళు. ఎదుటి పక్షం వాళ్ళు లేచి ఖర్చుల గురించి, డాక్టర్లు దొరక్కపోవడం గురించి చెప్పారు. వాళ్ళకీ అంతే సమయం, అంతే ఓపిక. హెలెన్ ఎవరినీ ఒక్క క్షణం తొందరపెట్టలేదు, ఎవరికీ ఒక్క క్షణం ఎక్కువ ఇవ్వలేదు.

చాలామంది మాట్లాడాలనడంతో ఒక్కొక్కరికీ నాలుగు నిమిషాలని పెట్టారు. పక్క నియోజకవర్గం ఆయన చివర్లో మళ్ళీ లేచాడు. మంచు కురుస్తున్న రోజున కారులోనే కాన్పయిన ఒకమ్మాయి సంగతి మొదలుపెట్టాడు. గడియారంలో సమయం నా కళ్ళ ముందు కరిగిపోతోంది. ఆయన తలెత్తి హెలెన్ వైపు చూశాడు. ఇది మీ ఊరి కథ కదా, ఒక్క నిమిషం ఇవ్వరా అని ఆ చూపు. ఆమె చేతులు కుర్చీని ఎంత గట్టిగా పట్టుకున్నాయంటే వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి.

"ఆర్డర్" అంది హెలెన్. వాక్యం మధ్యలో. ఆయన కూర్చున్నాడు.

గాజు వెనక మోరీన్ లేచి బయటికి వెళ్ళిపోవడం చూశాను.

తన గంట అయ్యాక హెలెన్ కుర్చీ దిగి నేరుగా, బయటివాళ్ళు సభ్యుల్ని కలిసే సెంట్రల్ లాబీకి నడిచింది. వెళ్ళొద్దన్నాను, వినలేదు. మోరీన్ ఆమెని చూడగానే ఒంటికాలి మీద లేచింది.

"నీకు నోరు లేదా? మేం ఓట్లేసి పంపింది ఎవరిని? నిన్నా, ఆ పక్క ఊరాయన్నా? ఆయనైనా మాట్లాడుతుంటే ఆయన నోరూ మూయించావు! బొమ్మలా కూర్చోడానికి నువ్వెందుకు, ఒక బొమ్మనే పెట్టుకోమను!"

లాబీలో జనం ఆగి చూస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. నియమం ఇదమ్మా అని చెబుదామని ముందుకెళ్ళాను. హెలెన్ నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. "నీ కోపం న్యాయమే మోరీన్" అంది. అంతే. ఇంకేం చెప్పలేదు. చెప్పి ఉండాల్సిందని ఈరోజుకీ నాకు ఆమె మీద కోపం.

గదికొచ్చి తలుపు వేసి, బూట్లు విడిచింది. "వాసూ, అటు కూర్చో. నేను మాట్లాడతాను, నువ్వు విను" అని నిటారుగా నిలబడింది. గొంతు సవరించుకుంది. "మా ఊళ్ళో పుట్టిన ఏ బిడ్డ చెవిలోనైనా మొదట పడేది సముద్రం చప్పుడు..." అని మొదలుపెట్టింది. అక్కడే ఆగిపోయింది. గోడ వైపు చూసింది, నా వైపు చూసింది.

"ఈ గదిలో చెబితే ఎవరికి లాభం?" అని కూర్చుండిపోయింది. ఆ మాట అడిగిన తీరు నేను మర్చిపోలేను. అన్నం ముందు పెట్టుకుని, ముద్దైనా తినకుండా చెయ్యి కడుక్కోమన్నట్టుంది నాకు.

వార్డు మూసేశారు. ఆ తర్వాతి ఎన్నికల్లో హెలెన్ నిలబడలేదు. సామాను రెండు అట్టపెట్టెల్లో సర్దుకుని, నన్ను గట్టిగా వాటేసుకుని, ఊరికి వెళ్ళిపోయింది. ఆమె తర్వాత ఆ కుర్చీలో ఇంకెవరెవరో కూర్చున్నారు. మంచివాళ్ళే. కానీ ఎవరి చిటికెన వేలూ అలా ఆడలేదు.

చేరబోయేవాళ్ళకి

మీలో ఎవరైనా ఆ ఉద్యోగంలోకి వెళితే, మీ పక్కన కుర్చీలో ఉన్నది రాయి అనుకోకండి. టీవీలో చూసేవాళ్ళు అలాగే అనుకుంటారు. న్యాయంగా ఉండటం అంటే ఏమీ అనిపించకపోవడం అని డెరిక్ అనుకునేవాడు. అది తప్పు. అన్నీ అనిపించి కూడా నోరు కట్టేసుకోవడం న్యాయం. ఆ నోరు కట్టుకున్న మనిషికి టైముకి మంచినీళ్ళివ్వడమే మీ పని. చిన్న పని అనుకుంటే వెళ్ళకండి.

ఇంకొకటి. అక్కడి అలవాట్లు ఇంటికి తేకండి. నేను అన్నం దగ్గర "ఒకరి తర్వాత ఒకరు మాట్లాడండి" అన్నప్పుడల్లా మా అమ్మాయి "మమ్, యూ ఆర్ నాట్ ఇన్ ద చెయిర్" అనేది. అది మాట్లాడుతుంటే కూడా నేను గడియారం చూసేదాన్నట. పెళ్ళయి వెళ్ళాక చెప్పింది.

బస్సు మీటింగు

పోయినేడు హెలెన్ ఫోన్ చేసింది. "మా ఊరికి రా వాసూ. ఒక మీటింగు ఉంది, నాతో పాటు కూర్చుందువు గాని."

వెళ్ళాను. రైలు దిగేసరికి గాలి కోట్లోకి దూరి కొడుతోంది. హెలెన్ జుట్టు మొత్తం తెల్లబడింది. మాటలు మాత్రం అవే. స్టేషన్ నుంచి హాలు దాకా దారిలో ఎదురైన ప్రతివాళ్ళనీ ఆపింది.

చర్చి పక్కన చిన్న హాలు. ప్లాస్టిక్ కుర్చీలు. పక్క ఊరి ఆసుపత్రికి వెళ్ళే ఒకే ఒక్క బస్సునీ తీసేయాలని కౌన్సిల్ చూస్తోంది. కౌన్సిల్ నుంచి వచ్చినాయన ముందు వరసలో కూర్చున్నాడు. బల్ల వెనక అధ్యక్షత వహిస్తున్నావిడని చూడగానే గుర్తుపట్టాను. మోరీన్. ఆమె ముందు వంటింట్లో వాడే గుడ్డు ఆకారం టైమరు ఉంది.

"మనిషికి మూడు నిమిషాలు. గంట మోగితే కూర్చోవాలి. ఎవరైనా సరే" అంది మోరీన్.

ఒకరు మాట్లాడి కూర్చోగానే హెలెన్ లేచి నిలబడింది. మిగతావాళ్ళంతా చేతులెత్తారు. ఈమె ఒక్కతే పార్లమెంటులో లేచినట్టు లేచింది. మోరీన్ ఇంకొకరిని పిలిచింది. హెలెన్ కూర్చుంది. మళ్ళీ లేచింది. మళ్ళీ వేరేవాళ్ళు. నాకు ప్రాణం విసిగింది. మోరీన్ కావాలనే చేస్తోందేమోనని పళ్ళు కొరుక్కున్నాను. హెలెన్ మొహం చూద్దును కదా, పండగనాటి చిన్నపిల్లలా వెలిగిపోతోంది. "ఇలా లేచి ఎన్నేళ్ళయిందో తెలుసా?" అని నా చెవిలో అంది.

అప్పుడు మోరీన్ ఆమె వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"హెలెన్" అంది.

హెలెన్ చేతులు ముందు కుర్చీ వీపు మీద ఆనించింది. "మేడమ్ చెయిర్, మా ఊళ్ళో పుట్టిన ఏ బిడ్డ చెవిలోనైనా మొదట పడేది సముద్రం చప్పుడు. నేనూ ఆ వార్డులోనే పుట్టాను. ఆ గది ఇక లేదు. ఇప్పుడు మా పిల్లల చెవిలో మొదట పడేది బస్సు ఇంజను చప్పుడు. దాన్ని కూడా తీసేస్తామంటే..."

కొండదారి గురించి చెప్పింది. చలికాలం గురించి చెప్పింది. కారులో కాన్పయిన ఆ అమ్మాయి గురించి మొదలుపెట్టింది. పక్క నియోజకవర్గం ఆయన దగ్గర తను మధ్యలో తెంపేసిన కథ అదే. "మంచు కురుస్తోంది. వాళ్ళాయన కారు దిగి రోడ్డు మీద..."

టైమరు మోగింది.

హెలెన్ ఠక్కున కూర్చుంది. ఆ మాట గొంతులోనే ఉంది. ఎవరూ ఏమీ అనకముందే, కుర్చీ ఆజ్ఞ అయిపోయినట్టు, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాకు కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

మోరీన్ ఆ గుడ్డు టైమరుని చేతిలోకి తీసుకుంది. దాన్ని అటూ ఇటూ తిప్పింది. తర్వాత తన హ్యాండ్‌బ్యాగు తెరిచి, అందులో పడేసి, జిప్పు లాగేసింది.

"నిన్ను ఎవరు కూర్చోమన్నారు?" అంది. "లే."

హెలెన్ కదల్లేదు. నిజంగా అర్థం కాలేదామెకి. నేను ఆమె రెక్క పట్టుకుని పైకి లాగాను. వద్దు వద్దన్నట్టు ఒక్క క్షణం వెనక్కి లాగింది. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి మెల్లగా లేచి నిలబడింది.

"వాళ్ళాయన కారు దిగి రోడ్డు మీద" అని, ఆగిన మాట దగ్గరే అందుకుంది.

నా చెయ్యి అలవాటుగా కోటు చేతి కిందికి, వాచీ దగ్గరికి పోయింది. వాచీ వైపు చూడకుండా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని విన్నాను.